వదలివేసిన వాహనాల తొలగింపు (ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దు)

యజమాని గాని, డ్రైవరు గాని దగ్గర లేకుండా బహిరంగ స్థలంలో చాలాసేపు నిలిచి ఉన్న మోటారు వాహనాన్ని వదలివేసిన వాహనం అంటారు. చెడిపోయి ఆగినవి, ప్రమాదంలో నుజ్జయినవి, దొంగలు ఎత్తుకుపోయి విడిచినవి, నేరానికి వాడి విడిచినవి ఈ కోవలోకి వస్తాయి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ ప్రాంతంలో ఒకే వాహనం పోలీసు, అటవీ, రవాణా శాఖలు మూడింటి పరిధిలోకీ రావచ్చు. దానిని ఏ శాఖ, ఏ చట్టం క్రింద స్వాధీనం చేసుకొన్నదో దానిని బట్టి అది యజమానికి తిరిగి దక్కడమో, దక్కకపోవడమో జరుగుతుంది.

ప్రాంతం

భద్రాచలం గోదావరి ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు, కుంటల మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే 30వ నెంబరు జాతీయ రహదారి (పూర్వపు 221వ నెంబరు) అడవుల గుండా సాగుతుంది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరగా భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఛత్తీస్‌గఢ్ కూడా ఆనుకొని ఉండడం వలన కొద్ది గంటల ప్రయాణంలోనే మూడు రాష్ట్రాల పోలీసు పరిధులు మారుతాయి.

సమాచారం ఇవ్వడం

వదలివేసిన వాహనాన్ని చూసినవారు 112కు గాని, సమీప పోలీసు స్టేషనుకు గాని తెలపవచ్చు. జాతీయ రహదారిపై అడ్డుగా ఉంటే 1033కు ఫోను చేయవచ్చు. రిజర్వు అడవి లోపల ఉంటే అటవీ బీటు అధికారికి గాని, రేంజి కార్యాలయానికి గాని చెప్పాలి. వాహనం రంగు, నెంబరు, కిలోమీటరు రాయి లేదా దగ్గరి ఊరి పేరు చెబితే చాలు.

ఇటువంటి వాహనాన్ని ముట్టుకోరాదు, తలుపులు తెరవరాదు. మావోయిస్టు కార్యకలాపాలు సాగిన ఈ సరిహద్దు అడవులలో మందుపాతరల ప్రమాదం చాలా ఏళ్ళు ఉండేది. అందువలన అనుమానాస్పద వాహనాన్ని ముందుగా బాంబు నిర్వీర్య దళం చేత తనిఖీ చేయించడం పరిపాటి.

రహదారి నుండి తొలగింపు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షను దీనికి ఆధారం. బహిరంగ స్థలంలో పది గంటలు లేదా అంతకు మించి వదలివేసిన వాహనాన్ని తొలగించడానికి ఆ పరిధిలోని యూనిఫారం ధరించిన పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చు. కాలిపోయిన, విరిగిన లేదా భాగాలు ఊడదీసిన వాహనం రాకపోకలకు అపాయకరంగా ఉంటే పది గంటలు ఆగనక్కరలేదు, వెంటనే తొలగించవచ్చు. లాగుడు ఖర్చు మొత్తం యజమానిదే. జరిమానా ఉంటే అది వేరు.

అడవిలో దొరికిన వాహనాలు

టేకు వంటి కలపను దొంగతనంగా తరలించేవారు సిబ్బందిని చూసి వాహనాన్ని విడిచి పారిపోవడం కద్దు. అటువంటి వాహనానికి 1967 నాటి అటవీ చట్టంలోని 44వ సెక్షను వర్తిస్తుంది. అధీకృత అటవీ అధికారి విచారణ జరిపి వాహనాన్ని ప్రభుత్వపరం చేయవచ్చు. తనకు గాని, తన డ్రైవరుకు గాని తెలియకుండా నేరం జరిగిందనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకొన్నాననీ యజమాని రుజువు చేసుకోవాలి. ఉత్తర్వు అందిన 30 రోజులలో జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. కిన్నెరసాని అభయారణ్యం వంటి చోట్ల వన్యప్రాణి నేరం జరిగితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది.

యజమానిని గుర్తించడం

పోలీసులు పంచనామా వ్రాసి, నెంబరు ప్లేటుతో పాటు ఇంజను, ఛాసిస్ నెంబర్లను నమోదు చేస్తారు. ప్లేటు మార్చినా ఛాసిస్ నెంబరు ఆధారంగా "వాహన్" కంప్యూటరు వివరాలలో అసలు యజమానిని వెదకవచ్చు. ఈ ప్రాంతంలో ఇంకా ఏపీ 20 (అవిభక్త ఖమ్మం జిల్లా), టీఎస్ 04 (ఖమ్మం), టీఎస్ 28 (భద్రాద్రి కొత్తగూడెం) నెంబర్లు కనిపిస్తాయి. 2024 మార్చి నుండి తెలంగాణలో క్రొత్త వాహనాలకు టీజీ అక్షరాలు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో మొదలైన ఉమ్మడి వరుస అమలులోకి రావడంతో, అక్కడి క్రొత్త నెంబరును చూసి జిల్లాను చెప్పడం సాధ్యం కాదు.

కోర్టు, వేలం

నేరంతో సంబంధం ఉందని అనుమానించిన వాహనాన్ని పోలీసులు స్వాధీనం చేసుకొని మేజిస్ట్రేటుకు తెలియజేస్తారు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షను ప్రకారం, యజమాని తెలియనప్పుడు మేజిస్ట్రేటు ప్రకటన వెలువరిస్తారు. ఆరు నెలల లోపు హక్కుదారు హాజరు కావాలి. ఎవరూ రాకపోతే 504వ సెక్షను క్రింద వాహనం ప్రభుత్వాధీనమై, వేలానికి వెళ్ళవచ్చు.

పోలీసు స్టేషన్ల ఆవరణలో వాహనాలు ఏళ్ళ తరబడి ఎండకు, వానకు పాడైపోవడం పాత సమస్య. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో (2002) సుప్రీంకోర్టు, ఛాయాచిత్రాలు తీసి, పూచీకత్తు పుచ్చుకొని వాహనాన్ని త్వరగా యజమానికి అప్పగించాలని తెలిపింది. సంహితలోని 497వ సెక్షను ఇదే దారిలో కోర్టు 14 రోజులలో వివరాల పట్టిక తయారుచేయాలని, వాహనాన్ని ఫోటో, వీడియో తీయించాలని, 30 రోజులలో ఉత్తర్వు ఇవ్వాలని చెబుతుంది.

పనికిరాని వాహనాలను 2021 నాటి నిబంధనల ప్రకారం నమోదైన తుక్కు కేంద్రాలకు అప్పగిస్తారు.

యజమానులు గుర్తుంచుకోవలసినవి

* వాహనం పోయిన వెంటనే ఫిర్యాదు చేయాలి. సంహితలోని 173వ సెక్షను ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా సమీప స్టేషనులో సమాచారం ఇవ్వవచ్చు. కుంటలో పోయిన మోటారు సైకిలుకు భద్రాచలంలోనే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు లేనిదే, దొరికిన వాహనం యజమానిపైనే అనుమానం రావచ్చు.
* అమ్మిన వాహనాన్ని కొన్నవారి పేరు మీదికి మార్పించాలి. లేకుంటే నోటీసులు పాత యజమానికే వస్తాయి.
* వాహనం పూర్తిగా నాశనమైతే 14 రోజులలో రిజిస్ట్రేషను అధికారికి తెలపాలి.
* ఇన్సూరెన్సు సంస్థకు వెంటనే తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

* భద్రాచలం
* కిన్నెరసాని అభయారణ్యం
* భద్రాద్రి కొత్తగూడెం జిల్లా
* మోటారు వాహనాల చట్టం, 1988