అసీల్ పిల్లల నూగు రంగు చూసి బేరం చేయకండి

అసీల్ కోడికి బజారులో గిరాకీ రంగును బట్టే ఉంటుంది. బరువు సమానంగా ఉన్నా డేగకు ఒక ధర, కాకికి ఒక ధర, నెమలికి ఇంకో ధర. దీన్ని ఆసరా చేసుకుని వారం కూడా నిండని పిల్లలకు సైతం "ఇది డేగ, ఇది సేతువ" అని పేరు పెట్టి అమ్ముతున్నారు. ఆరు నెలలు మేపాక వేరే రంగు తేలితే నష్టం కొన్నవారిదే. నూగును బట్టి కొంత చెప్పవచ్చు గానీ, అన్ని రంగుల విషయంలో చెప్పలేం.

ఎక్కువ మంది దెబ్బతినేది పసుపు పిల్లల దగ్గర. మీగడ రంగు నూగుతో పుట్టిన పిల్ల తెల్ల సేతువ కావచ్చు, ఎర్ర డేగ కూడా కావచ్చు. గోధుమ వన్నె పెట్టలున్న మందలో డేగ పుంజులు కూడా లేత పసుపు నూగుతోనే పుడతాయి. మొదటి రోజు ఈ రెండింటినీ వేరు చేయడం అనుభవజ్ఞులకూ కష్టమే. రెండు మూడు వారాలు ఆగండి. రెక్క ఈకలు ముందుగా వస్తాయి కాబట్టి రెక్క విప్పి చూడండి. గోధుమ, ఇటుక లేదా నలుపు ఛాయ కనిపిస్తే అది సేతువ కాదు. ఈకలు స్వచ్ఛమైన తెలుపులో ఉంటేనే తెల్లకోడిగా లెక్కించండి.

ఉడుత వీపు మీద ఉన్నట్టు ముదురు చారలతో గోధుమ నూగు ఉన్న పిల్లలు సాధారణంగా ఎర్ర మెడ, నల్ల రొమ్ము ఉన్న పుంజులుగా, గోధుమ రంగు పెట్టలుగా ఎదుగుతాయి. అంటే చారల పిల్ల నుంచీ, పసుపు పిల్ల నుంచీ కూడా ఒకేలాంటి ఎర్ర పుంజు రావచ్చు.

కాకి విషయంలో మన రైతులు చేసే పొరపాటు వేరు. నల్ల పిల్లకు పుట్టినప్పుడు పొట్ట కింద, గొంతు దగ్గర, రెక్కల కొసల్లో తెలుపు లేదా లేత పసుపు ఉంటుంది. మొదట వచ్చే రెక్క ఈకల్లోనూ ఒకటి రెండు తెల్లవి ఉండవచ్చు. "కాకిలో తెల్లీక వచ్చింది, కల్తీ" అని వీటిని చవకగా వదిలించుకుంటున్నారు. ఈకలు మార్చుకున్నాక ఆ తెలుపు చాలావరకు పోతుంది. అసలు లోపం వేరే ఉంటుంది, అది పిల్లలో కనిపించదు. పుంజు మెడ మీద, నడుము మీద పొడవాటి ఈకలు వచ్చే వయసులో ఎరుపు గానీ పసుపు గానీ తేలుతుంది. అందువల్ల ఒళ్లంతా నలుపు కావాలనుకుంటే 4 నెలలు దాటే వరకు పూర్తి ధర పెట్టకండి.

నూగు కంటే నమ్మదగింది తల్లిదండ్రుల రంగు. అమ్మేవారిని రెండింటినీ చూపించమని అడగండి, ఒక్క పుంజు ఫోటో సరిపోదు. బంగారు ఛాయ పుంజును వెండి ఛాయ పెట్టతో జతచేస్తే, పెట్ట పిల్లలకు తండ్రి బంగారు ఛాయ, పుంజు పిల్లలకు తల్లి వెండి ఛాయ వస్తాయి. అలాంటి జతలో పుట్టిన పుంజు పిల్లను తండ్రి ఫోటో చూపించి అమ్మితే ఏమవుతుందో ఊహించుకోండి. ఒళ్లంతా నీలి బూడిద రంగు ఉన్న కోళ్లది మరో లెక్క. రెండూ అదే రంగువైనా పిల్లల్లో సగటున సగమే ఆ రంగులో వస్తాయి, పావు వంతు నల్లవి, పావు వంతు మచ్చలతో మాసిన తెల్లవి అవుతాయి. పది పిల్లలకు పదీ ఆ రంగే వస్తాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. నల్ల కోడిని మచ్చల తెల్లకోడితో కలిపితే మాత్రం పిల్లలన్నీ నీలి బూడిదే. ఇక రంగున్న జంటకు అక్కడక్కడ తెల్ల పిల్ల పుడితే పెట్టను అనుమానించకండి. తెలుపు రెండు వైపులా దాగి ఉంటే అలా జరుగుతుంది.

మీరే పిల్లలు తీస్తుంటే ఏ జంట పిల్లలో తెలిసేలా కాళ్లకు రంగు రింగులు వేయండి. కాలు లావయ్యే కొద్దీ రింగు మార్చాలి, లేకపోతే చర్మంలోకి దిగుతుంది. రెండు వారాలకు, రెండు నెలలకు, ఐదు నెలలకు రెక్క విప్పి ఫోన్‌తో ఫోటో తీసి దాచండి. రెండు మూడు పొదుగులు గడిచాక మీ మందలో ఏ నూగు ఏ రంగుకు తిరుగుతుందో మీకే తెలుస్తుంది. రంగు కోసం అన్నాచెల్లెళ్లను తరతరాలుగా జతచేయవద్దు. గుడ్లు పొదగకపోవడం, పిల్లలు బలహీనపడడం మొదలవుతాయి.

కుక్కుట శాస్త్రం పేరుతో ఏ రంగు ఏ రోజు గెలుస్తుందో చెప్పేవారు చాలామంది ఉన్నారు. రంగుకు, బలానికి సంబంధం లేదు. పైగా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కోడి పందేలు నేరం. సంతానానికి, మాంసానికి పెంచేవారు కొనే ముందు పిల్ల కాళ్లు తిన్నగా ఉన్నాయా, బొడ్డు మానిందా, చురుగ్గా మేస్తోందా అని చూడండి. కొక్కెర తెగులుకు 7వ రోజు లసోటా టీకా వేశారా అని అడగండి. 8వ వారంలో ఆర్‌2బి టీకా మీరు వేయించాలి. ఈ రెండూ తప్పితే తెగులు వచ్చినప్పుడు డేగా మిగలదు, కాకీ మిగలదు.