‘లేదు’ వేరు, ‘ఇంకా రాలేదు’ వేరు



మన హాస్టల్ వంటగది అందరికీ గుర్తే. వంట మాస్టరు ఎసరు పెట్టి, అది మరిగేదాకా పొయ్యి ముందే నిలబడడు. ఈలోగా కూరగాయలు తరుగుతాడు, పప్పు కడుగుతాడు. కానీ అన్నం ఉడకకుండా మాత్రం భోజనం గంట కొట్టనివ్వడు. ప్రోగ్రామింగ్‌లో ‘ఎసింక్రనస్’ అనే పెద్ద మాటకు అర్థం ఇదే.

వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ భాషను 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించారు. అది పేజీలోని పనులను ప్రధానంగా ఒకదాని తర్వాత ఒకటిగా చేస్తుంది. సర్వర్ నుంచి సమాచారం వచ్చేదాకా ఆగిపోతే పేజీ మొత్తం బిగుసుకుపోతుంది. బటన్ నొక్కినా పలకదు. అందుకే అడగాల్సింది అడిగేసి, మిగతా పని చూసుకుంటుంది. జవాబు వచ్చాక ఏం చేయాలో మనం ముందే రాసిపెట్టాలి. మొదట్లో ఇందుకు కాల్‌బ్యాక్‌లు వాడేవారు. 2015లో ప్రామిస్‌లు, 2017లో ఎసింక్-అవెయిట్ భాషా ప్రమాణంలో చేరాక రాయడం తేలికైంది.

తేలికైంది గానీ తప్పులు పోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్కాలర్‌షిప్ జాబితా చూపే పేజీ ఒకటి రాశాను. డేటా 2 సెకన్లలో వస్తుందనుకుని, అంతసేపు ఆగి చూపమన్నాను. ఆఫీసులో చక్కగా పనిచేసింది. ఊళ్లో మా తమ్ముడు ఫోన్‌లో చూస్తే జాబితా ఖాళీ! “అన్నా, నా పేరు లేదు” అంటూ ఏడ్చినంత పనిచేశాడు. పేరు ఉంది. డేటాయే ఇంకా రాలేదు.

మరో తప్పు కూడా దొరికింది. గుంటూరు జిల్లా నొక్కి, వెంటనే కర్నూలు నొక్కితే, ఆలస్యంగా వచ్చిన గుంటూరు పేర్లు కర్నూలు శీర్షిక కింద చేరాయి. అడిగిన వరుసలోనే జవాబులు వస్తాయన్న హామీ లేదు.

అప్పటినుంచి నేను పాటిస్తున్నవి ఇవి:

1. ఎంతసేపట్లో వస్తుందో ఊహించవద్దు. అవెయిట్ వాడి, జవాబు వచ్చాకే చూపండి.

2. ‘వస్తోంది’, ‘వివరాలు లేవు’, ‘తెరవలేకపోయాం, మళ్లీ ప్రయత్నించండి’ - ఈ మూడూ వేర్వేరుగా చెప్పండి. లోపాన్ని మింగేసే కోడ్ రాయవద్దు.

3. ఫెచ్ వాడితే, సర్వర్ 404 అని జవాబిచ్చినా దాన్ని లోపంగా లెక్కించదు. జవాబు సరైనదో కాదో మీరే చూసుకోవాలి.

4. ప్రతి అభ్యర్థనకూ వరుస సంఖ్య ఇవ్వండి. చివరగా అడిగినదానికి కాని జవాబును వదిలేయండి.

5. పేర్లు ‘ఎ’, ‘బి’ అని కాకుండా, రేపు చదివేవారికి అర్థమయ్యేలా పెట్టండి.

6. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో నెట్ వేగం తగ్గించి పరీక్షించండి.

మన పేజీ చూసేది ఆఫీసులో కూర్చున్నవాళ్లే కాదు, సిగ్నల్ కోసం మేడ ఎక్కే మన హాస్టల్ కుర్రాడు కూడా. అతనికి పనిచేస్తేనే మన ప్రోగ్రాం పనిచేసినట్టు.

- మీ పూర్వ విద్యార్థి