ఎకనామిక్స్ చదవాలంటే...

చమురు ధర తగ్గిందంటే ఇంటి ఖర్చు గురించి మాటలు మొదలయ్యే సిత్రాలో మన పిల్లలకు ఎకనామిక్స్ కొత్త కాదు. కానీ కాలేజీలో చదవాలంటే ముందుచూపు కావాలి.

ఇండియాలో 2022 నాటి యూజీసీ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు. మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు, కనీసం 60. మైనర్‌కు, అంటే తోడు సబ్జెక్టుకు, 24. మేజర్‌లో సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రాలతోపాటు గణాంకశాస్త్రం కూడా ఉంటుంది. అందుకే లెక్కలు తప్పవు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే సీయూఈటీలో లెక్కల పేపరు రాయాల్సిందే.

కామర్స్‌కు లెక్కలెందుకని పదకొండో తరగతిలో వదిలేస్తే ఆ దారి అప్పుడే మూసుకుపోతుంది. మేము ఇంజనీర్లమైనంత మాత్రాన పిల్లలంతా ఇంజనీర్లే కానక్కర్లేదు. పదో తరగతి కాగానే ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించుకోవాలని మా మనవి.