ల్యాప్‌టాప్ తెర: కొలతయు, ఆకారమును



ఇంటిస్థలము కొనబోవువాడు ఈ మూలనుండి ఆ మూలకు ఒక్క తాడు లాగి, ఆ తాటి పొడవునుబట్టి వెల చెల్లించునా? చెల్లింపడు. 60 గజముల పొడవును 25 గజముల వెడల్పును గల స్థలమునకు మూలనుండి మూలకు సరిగా 65 గజములు. 52 గజముల పొడవును 39 గజముల వెడల్పును గల స్థలమునకును అదే 65 గజములు. కాని మొదటిది 1500 చదరపు గజములు. రెండవది 2028 చదరపు గజములు. తాడు ఒక్కటే, నేల వేఱు. ఈ సంగతి మీకు నేను చెప్పవలసిన పని లేదు.

అయినను, మనుమనికో మనుమరాలికో ల్యాప్‌టాప్ కొనుటకై పట్టణమునకు పోయినప్పుడు మనము ఆ తాటికొలతనే నమ్మి డబ్బు లెక్కపెట్టుచున్నాము. దుకాణదారుడు "14 అంగుళములు" అనియు, "15.6 అంగుళములు" అనియు చెప్పు సంఖ్య తెరయొక్క అడ్డము కాదు, నిలువును కాదు. ఒక మూలనుండి ఎదుటిమూలకు గల కర్ణము అది. ఆ సంఖ్య యొక్కటే వినినవానికి తెర యెంత వైశాల్యము గలదో, ఏ ఆకారము గలదో తెలియదు.

నేనును ఇట్లే పొరపడినవాడను. మా మనుమరాలు కళాశాలలో చేరినప్పుడు, పెద్దది కొనినచో పిల్లకు చదువుట సుఖముగా నుండునని తలంచి, 15.6 అంగుళముల దానిని కొనియిచ్చితిని. ఆ పిల్ల దినమును రెండు బస్సులు మాఱి పోయి రావలెను. యంత్రమును, దాని చార్జరును కలిసి రెండున్నర కిలోలు తూగినవి. పుస్తకముల బరువు వేఱు. రెండు మాసములు మోసి భుజము నొచ్చి, దానిని ఇంటనే విడిచి, కళాశాలలో చదువవలసిన పాఠములను చేతిఫోనులోని చిన్న అక్షరములలో చదువ నారంభించినది. పెద్ద తెర కొన్న ఫలము కన్నులకు దక్కలేదు. తప్పు పిల్లది కాదు. కొలువకుండ కొన్న నాది.

ఇప్పుడు ఆకారముల సంగతి చెప్పెదను. వెనుకటి టెలివిజనుపెట్టెల తెర 4 పాళ్లు అడ్డము, 3 పాళ్లు నిలువుగా నుండెడిది. మొదటి కాలపు ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికి అదే ఆకారము. తాపీపనివాడు గోడమూల సరిచూచుకొనుటకు వాడు 3, 4, 5 లెక్క ఇచ్చటను పనికివచ్చును. కర్ణము 15 అంగుళములైనచో అడ్డము 12, నిలువు 9. వైశాల్యము 108 చదరపు అంగుళములు.

1980వ దశకమున నూతన టెలివిజనుకొఱకు యోచించిన నిపుణులు, సినిమాబొమ్మలకు అనుకూలముగా నుండునని, 16 పాళ్లు అడ్డము, 9 పాళ్లు నిలువు గల ఆకారమును ఎన్నుకొనిరి. సుమారు 2008 మొదలుకొని ల్యాప్‌టాప్‌లును ఆ దారినే పట్టినవి. టెలివిజనుతెరల ఆకారముననే వీనిని గూడ చేయుట తయారుచేయువారికి లాభకరము. 15.6 అంగుళముల తెర ఈ ఆకారముననే వచ్చుచుండును. దాని అడ్డము 13.6 అంగుళములు, నిలువు 7.65, వైశాల్యము 104 చదరపు అంగుళములు. చూచితిరా! పేరున 15.6 అయినను, ఇది పాత 15 అంగుళముల తెరకంటె చిన్నది. నిలువులో అంగుళమునకు మించి పోయినది.

సినిమా చూచుటకు అడ్డము మేలే. కాని చదువుట, వ్రాయుట నిలువుపనులు. మన కాగితపు పుస్తకము నిలువుగా నుండును, ఉత్తరము నిలువుగా నుండును, దరఖాస్తును అట్లే. ఈ తెర తాటాకు గ్రంథమువలె అడ్డముగా సాగినది. తాటాకునకు ఆ ఆకారము చెట్టు ఇచ్చినది. తెరకు మనమే ఇచ్చుకొంటిమి. కొన్ని వరుసలు చదివినంతనే పుటను పైకి జరుపవలసి వచ్చును.

ఈ లోపమును గుర్తించి కొందఱు మరల నిలువు పెంచిరి. 2013లో గూగుల్ సంస్థ 3:2 ఆకారముతో ఒక ల్యాప్‌టాప్‌ను వెలువరించెను. మైక్రోసాఫ్ట్ సంస్థ 2014నుండి తన సర్ఫేస్ యంత్రములలో ఆ ఆకారమునే వాడసాగెను. నేడు 16:10 ఆకారము గలవియు దుకాణములలో పెక్కు దొరకుచున్నవి. కొలతలు చూడుడు. 14 అంగుళముల 16:10 తెరకు అడ్డము 11.9, నిలువు 7.4 అంగుళములు. 13.5 అంగుళముల 3:2 తెరకు అడ్డము 11.2, నిలువు 7.5. అనగా 15.6 అంగుళముల దానితో పోల్చినచో నిలువులో తగ్గినది కాలంగుళమునకు లోపలనే. మా పిల్ల భుజము నొప్పించిన బరువంతయు ఆ కాలంగుళముకొఱకును, చదువునకు అంతగా అక్కఱలేని రెండంగుళముల అడ్డముకొఱకును మోసినదే.

మన తెలుగువారికి నిలువు మఱింత ముఖ్యము. మన లిపిలో గుడులు, ఏత్వములు పైకి లేచును. ఒత్తులు క్రిందికి దిగును. వరుసకును వరుసకును నడుమ ఎడము ఎక్కువగా వలయును. కావున అదే తెరలో ఇంగ్లీషు పట్టినన్ని వరుసలు తెలుగు పట్టదు. నిలువు తగ్గిన నష్టము మనకే యెక్కువ.

లిపి సంగతి వచ్చినది గనుక చుక్కల మాటయు చెప్పవలెను. తెరపై బొమ్మగాని అక్షరముగాని పిక్సెళ్లను సన్నని చుక్కలతో ఏర్పడును. 15.6 అంగుళముల తెరపై అడ్డముగా 1366, నిలువుగా 768 చుక్కలున్నచో అంగుళమునకు 100 చుక్కలు. అడ్డముగా 1920, నిలువుగా 1080 ఉన్నచో 141 చుక్కలు. చుక్కలు తక్కువైనచో ఒత్తులు, వట్రుసుడులు అలుకుకొనిపోయి కన్నులు అలయును. 1920కి తక్కువైన దానిని చదువుకొఱకు కొనకుండుట మంచిది.

అయినచో పెద్ద తెర ఎవరికి? ఇంట బల్లమీదనే యుంచి, కదలింపక వాడువారికి. అడంగలువంటి అనేకగడుల పట్టికలు చూచువారికిని, జమాఖర్చులు వ్రాయువారికిని అడ్డము ఉపకరించును. 15.6 అంగుళముల వానిలో పెక్కింటికి కుడిప్రక్కన అంకెల మీటలు వేఱుగా నుండును. లెక్కలవారికి అది సౌకర్యము. అడ్డమును నిలువును రెండును కోరువారు 16 అంగుళముల 16:10 తెర చూడవలెను. దాని అడ్డము 13.6 అంగుళములే, నిలువు మాత్రము 8.5. కాని దానికి వెలయు, బరువును హెచ్చు.

మనవంటి పెద్దలకు ఒక హెచ్చరిక. నలువది దాటినపిమ్మట వచ్చు చత్వారమునకు పెద్ద తెర మందు కాదు. పుస్తకమును చేతపట్టి చదువుటకు చేయించుకొన్న కండ్లద్దములు, మూరెడు దూరమునకు మించి యుండు తెరకు సరిపడకపోవచ్చును. తెర యెంత దూరమున నుండునో కొలిచి కంటివైద్యునితో చెప్పుడు. అక్షరములను పెద్దవి చేయు ఏర్పాటు ప్రతి యంత్రమునందును గలదు. అట్లు పెంచినపిదపను తగినన్ని వరుసలు నిలుచుట తెర నిలువునుబట్టి యుండును. నిలువునకు ప్రాధాన్యమిమ్మని నేను పదేపదే చెప్పుట ఇందుకే.

దుకాణమునకు పోవునప్పుడు చొక్కాజేబులో ఒక కొలతటేపును, చేతిలో ఏ4 కాగితమును ఉంచుకొనుడు. తెరయొక్క వెలుగు భాగమును మాత్రమే, చుట్టునున్న నల్లని అంచు విడిచి, అడ్డము ఒకసారి, నిలువు ఒకసారి కొలువుడు. కాగితమును అడ్డముగా త్రిప్పి తెరప్రక్కన పట్టుడు. 14 అంగుళముల 16:10 తెర అడ్డములో దానికి ఇంచుమించు సమానముగా నుండును. నిలువులో ముప్పాతిక అంగుళముకంటె కొంచెము ఎక్కువగా తగ్గును. తెరపై ఒక తెలుగు పుట తెరపించి, ఒత్తులు స్పష్టముగా కనబడుచున్నవో లేవో, మీ కండ్లద్దములు పెట్టుకొని మీరే చదువుడు. పైదీపము తెరపై అద్దమునందువలె ప్రతిబింబించుచున్నదేమో చూడుడు. తుదకు యంత్రమును, చార్జరును సంచిలో పెట్టించి, మోయవలసిన పిల్ల భుజముననే వేయుడు. ఆ పిల్లను అట్లే దుకాణములో పది నిమిషములు నిలువనిండు. కాటాకంటె ఆ భుజము మేలైన సాక్షి.

దుకాణదారుడు తొందరపెట్టినను తొందరపడకుడు. ఒక పంట డబ్బు పెట్టి కొను వస్తువు ఇది. నాలుగైదేండ్లు పిల్ల కన్నులకు ఎదుట నుండునది. నేలను కొలిచి కొను చేతులు తెరను కొలుచుటకు సిగ్గుపడనక్కఱలేదు.