చలి పండించిన లోయ

మెల్‌బోర్న్ నడిబొడ్డున ఫ్లిండర్స్ స్ట్రీట్‌లో తూర్పు వైపు రైలెక్కితే సుమారు గంటలో ఆ లైను చివరి స్టేషన్ లిలీడేల్ వస్తుంది. పట్టాలతో పాటు నగరమూ అక్కడితో ఆగిపోతుంది. అక్కణ్నుంచి కారులో కాస్త ముందుకు వెళ్తే కొండల నడుమ వెడల్పాటి లోయ, అందులో దువ్వెనతో దువ్వినట్టు ద్రాక్ష వరుసలు. చలికాలపు ఉదయాల్లో ఆ వరుసలు సగం వరకు పొగమంచులో మునిగి ఉంటాయి. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ రోడ్డు కొత్తది కాదు. పిల్లలకు కంగారూలు, కోలాలు చూపించడానికి హీల్స్‌విల్ జంతు సంరక్షణాలయానికి వెళ్లేది ఇటువైపే. ఆ దారి పక్కనే ఉన్న యారా వ్యాలీ తోటల కథ మాత్రం దాదాపు రెండు శతాబ్దాల నాటిది. ఆ కథనంతా నడిపింది చలి.

హైదరాబాద్ పరిసరాల్లో అనాబ్-ఎ-షాహీ పందిళ్లు చూసినవాళ్లకు ద్రాక్ష తీగ ఏడాది పొడవునా పచ్చగా ఉండటమే తెలుసు. మన దగ్గర దాన్ని నిద్రపుచ్చేంత చలి లేదు. అందుకే రైతు ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తాడు. వేసవి కత్తిరింపు కొత్త కొమ్మల కోసం, అక్టోబరు కత్తిరింపు కాయల కోసం. యారాలో రైతు ఒక్కసారి కత్తిరిస్తే చాలు, మిగతాది రుతువు చూసుకుంటుంది. భూగోళానికి దక్షిణార్ధం కాబట్టి అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా చలికాలం. ఆకులన్నీ రాలిపోయి తీగలు మోడులై నిలబడతాయి. సెప్టెంబరులో చిగురు తొడిగి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కోతకొస్తాయి.

ఈ నిదానమే యారాకు ఆస్తి. ద్రాక్ష పండే కొద్దీ తీపి పెరుగుతూ పులుపు తగ్గుతుంది. వేడి ప్రాంతాల్లో ఈ మార్పు పరుగులు పెడుతుంది. చల్లని రాత్రులున్న చోట పులుపు అంత త్వరగా కరగదు. పండులోని తీపి పులిసి ఆల్కహాలు అవుతుంది కాబట్టి తీపి మరీ ముదరని పండు నుంచి తేలికైన వైన్ వస్తుంది. పులుపు చచ్చిన వైన్ చింతపండు తక్కువైన చారులాంటిది. పల్చటి తోలున్న పినో నువా అనే నల్లద్రాక్షా, షార్డొనే అనే తెల్లద్రాక్షా ఇక్కడ ఇంత బాగా రావడానికి కారణం ఇదే. రెండూ ఫ్రాన్సులోని బర్గండీ నుంచి వచ్చినవి.

1838లో రైరీ సోదరులు న్యూ సౌత్ వేల్స్ నుంచి పశువుల మందలు తోలుకుంటూ వచ్చి యెరింగ్ అనే చోట దిగారు. వచ్చింది మేత కోసమే అయినా వెంట కొన్ని ద్రాక్ష మొక్కలు తెచ్చి నాటారు. విక్టోరియా రాష్ట్రంలో తొలి ద్రాక్షతోట అదే. తర్వాతి మలుపు ఓ పెళ్లి సంబంధం వల్ల వచ్చిందంటే అతిశయోక్తి కాదు. ఆ ప్రాంతపు పాలకుడు చార్లెస్ లా ట్రోబ్ భార్య సోఫీది స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్, ద్రాక్షతోటల సీమ. ఆ పరిచయాలతో స్విస్ వలసదారులు ఒక్కొక్కరే ఇటు వచ్చారు. 1850లో పాల్ డి కాస్టెల్లా యెరింగ్‌ను కొన్నాడు. ఆయన అన్న హ్యూబర్ట్ సెయింట్ హ్యూబర్ట్స్ తోటను, గియోమ్ డి ప్యూరీ యెరింగ్‌బెర్గ్‌ను 1860లలో మొదలుపెట్టారు. 1889లో ఈఫిల్ టవర్‌ను లోకానికి చూపించిన పారిస్ ప్రదర్శనలో యెరింగ్ వైన్‌కు గ్రాండ్ ప్రి బహుమతి దక్కింది.

ఈ గర్వం పక్కన మరో మాట చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. ఈ నేల వురుంజెరి ప్రజలది. యారా నదిని వాళ్లు బిర్రారుంగ్ అంటారు. తోటలు విస్తరిస్తున్న కాలంలోనే, 1863లో, తమ భూములు పోగొట్టుకున్న ఆదివాసులకు హీల్స్‌విల్ దగ్గర కొరాండర్క్ అనే స్థావరం ఏర్పడింది. బీరు తయారీకి వాడే హాప్స్ పండించి వాళ్లు దాన్ని లాభసాటి సేద్యంగా నిలబెట్టారు. ఆ భూమినీ లాక్కోవాలని చూసినప్పుడు పెద్దమనిషి, చిత్రకారుడు విలియం బరాక్ నాయకత్వంలో మెల్‌బోర్న్ దాకా నడిచి వెళ్లి ప్రభుత్వాన్ని నిలదీశారు. చివరకు 1924లో కొరాండర్క్‌ను మూసేశారు. ద్రాక్షతోటలు చూడటానికి వచ్చినవాళ్లు ఈ పేరు కూడా తెలుసుకుని వెళ్లాలి.

పారిస్ బహుమతి తర్వాత ముప్పయ్యేళ్లకే లోయ ఖాళీ అయింది. 1890లలో విక్టోరియాలో బ్యాంకులు కుప్పకూలాయి. 1901లో ఆస్ట్రేలియా ఒకే దేశమయ్యాక రాష్ట్రాల మధ్య సుంకాలు పోయి, దక్షిణ ఆస్ట్రేలియా సరుకు స్వేచ్ఛగా వచ్చి పడింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ జనం నాలుక మారడం. స్పిరిట్ కలిపి చిక్కగా, తియ్యగా చేసే పోర్ట్, షెర్రీలకు గిరాకీ పెరిగింది. వాటికి ఎండలో బాగా ముదిరిన పండు కావాలి. యారా చలి అలాంటి పండును ఇవ్వదు. నిన్నటిదాకా వరమైనదే లోపమై కూర్చుంది. తీగలు పీకి పాడి పశువులను మేపుకున్నారు. 1921లో యెరింగ్‌బెర్గ్ కూడా వైన్ తయారీ ఆపేసింది.

అయితే డి ప్యూరీ కుటుంబం భూమినీ, 1885 నాటి కొయ్య కట్టడాన్నీ వదులుకోలేదు. 1969లో, అంటే దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, అదే గట్టు మీద మళ్లీ తీగలు నాటింది. అదే ఏడాది బైలీ కారోడస్ అనే వృక్షశాస్త్రవేత్త, 1971లో జాన్ మిడిల్టన్ అనే వైద్యుడు లోయలో తోటలు వేశారు. మద్యం వ్యాపారులు కాదు, చల్లని నేల విలువ చదివి తెలుసుకున్నవాళ్లు. 1986లో ఫ్రాన్సు షాంపేన్ సంస్థ మోయెట్ ఎ షాండన్ ఇక్కడ నురగ వైన్ తయారీకి దిగడంతో ఆ నమ్మకానికి అంతర్జాతీయ ముద్ర పడింది.

చూడటానికి వెళ్లేవాళ్లకు ఏప్రిల్, మే నెలలు మంచివి. ఆకులు రాలేముందు లోయంతా పసుపు బంగారం. యెరింగ్ స్టేషన్‌లో 1859 నాటి పాత కట్టడం ఇప్పటికీ ఉంది. రుచి చూపే గదిని అక్కడ సెల్లార్ డోర్ అంటారు. గ్లాసులో పోసేది రెండు గుక్కలే. నోట్లో తిప్పి, రుచి తెలుసుకుని పక్కనున్న పాత్రలో ఉమ్మేయడం అక్కడ మర్యాదే, ఎవరూ వింతగా చూడరు. విక్టోరియాలో డ్రైవర్ రక్తంలో ఆల్కహాలు 0.05 శాతానికి చేరితే నేరం. కొత్త లైసెన్సువాళ్లకైతే సున్నా. కాబట్టి బండి నడిపేవాళ్లు తాగకుండా ఉండాలి, లేదా టూరు బస్సు ఎక్కాలి. అసలు తాగనివాళ్లకు చీజ్, చాక్లెట్ తయారీ కేంద్రాలున్నాయి. టారావారా ఆర్ట్ మ్యూజియం ఒక్కటే పూట గడిపేంత ఉంటుంది.

ఫొటో కోసం వరుసల్లోకి మాత్రం దిగకూడదు. వేళ్లను తినే ఫిలాక్సెరా అనే సూక్ష్మమైన పురుగు 19వ శతాబ్దంలో జీలాంగ్ తోటలను తుడిచిపెట్టింది. అప్పుడు తప్పించుకున్న యారాలో 2006లో బయటపడింది. చెప్పుకు అంటిన మట్టితో అది తోట నుంచి తోటకు వెళ్తుంది. దానికి మందు లేదు. పురుగును తట్టుకునే అమెరికా వేరు మొక్కపై అంటుకట్టి కొత్తగా నాటుకోవడమే దారి.

సమయం మిగిలితే సాయంత్రం హాడిల్స్ క్రీక్ వైపు ఎక్కాలి. కింద లోయలో బూడిద రంగు నేల, ఇక్కడ ఎర్రటి అగ్నిపర్వత మట్టి. కారు దిగగానే గాలి తేడా చర్మానికి తెలుస్తుంది. ఎండలు పెరిగి కోతలు ముందుకు జరుగుతున్న ఈ రోజుల్లో పినో నువా, షార్డొనేల కోసం రైతులు చూస్తున్నది ఈ ఎత్తైన వాలుల వైపే.