బ్రామ్లీ సీడ్లింగ్ ఆపిల్: పుట్టుక, వినియోగం, నిల్వ

ఆపిల్ అంటే కోసుకొని తినే తీపి పండు అన్నదే తెలుగు పాఠకునికి పరిచితమైన భావన. ఇంగ్లండులో మాత్రం వంటకే ప్రత్యేకించిన ఆపిల్ రకాలున్నాయి. పప్పులోకి పుల్లమామిడి, తినడానికి రసాలు అన్న విభజన వంటిదే ఇది. వంట ఆపిళ్ళలో అగ్రగణ్యమైనది బ్రామ్లీ సీడ్లింగ్.

నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ పట్టణంలో 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే బాలిక నాటిన గింజల నుండి ఈ చెట్టు మొలిచింది. 1846లో ఆ ఇంటిని మాథ్యూ బ్రామ్లీ అనే మాంస విక్రేత కొన్నాడు. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అంటు కట్టడానికి కొమ్మలు అడగగా, పండుకు తన పేరే పెట్టాలన్న షరతుపై బ్రామ్లీ అంగీకరించాడు. గింజ నాటిన బాలిక పేరు పండుకు దక్కలేదు. వ్యవసాయ చరిత్రలో స్త్రీల కృషి ఎలా మరుగునపడిందో పరిశీలించేవారికి ఇది చక్కని ఉదాహరణ.

ఆపిల్ గింజ తల్లి గుణాలను యథాతథంగా అందించదు. కనుక నేటి బ్రామ్లీ చెట్లన్నీ అంటుల ద్వారా ఆ ఒక్క చెట్టు నుండి వచ్చినవే. ఇది త్రయస్థితిక రకం. కణానికి 51 క్రోమోజోములుంటాయి. దీని పుప్పొడి నిస్సారం కావడంతో తోటలో ఇతర రకాలను కూడా నాటవలసి ఉంటుంది.

ఈ పండులో మాలిక్ ఆమ్లం అధికం, చక్కెర తక్కువ. ఉడికించినపుడు కణాలు విడిపోయి గుజ్జు నురగలా మెత్తబడుతుంది. పులుపు మాత్రం నిలుస్తుంది. అందుకే పై, క్రంబుల్ వంటి వంటకాలకు, పంది మాంసంతో వడ్డించే సాస్‌కు దీనినే ఎన్నుకుంటారు.

నిల్వ విషయంలో దీని స్వభావం విచిత్రమైనది. చల్లదనం ఎంత పెరిగితే అంత మేలన్న సూత్రం దీనికి వర్తించదు. సుమారు 3 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన ఎక్కువ కాలం ఉంచితే లోపలి గుజ్జు గోధుమరంగుకు మారి చెడిపోతుంది. 4 డిగ్రీల వద్ద ఉంచితే ఈ చేటు తప్పుతుంది గాని పండు త్వరగా మాగుతుంది. ఈ చిక్కుకు కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ పరిష్కారం చూపారు. గాలి చొరని గదిలో పండ్ల శ్వాసక్రియ వల్లనే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దానిని సుమారు 10 శాతం వద్ద నిలిపితే మాగడం మందగిస్తుంది. 1929లో కెంట్‌లో ఈ పద్ధతిపై నిర్మించిన తొలి వాణిజ్య నిల్వగదిలో దాచినవి బ్రామ్లీలే.

గృహస్థులకు అంత ఏర్పాటు అక్కరలేదు. దెబ్బ తగలని, తొడిమ ఊడని పండ్లను ఏరి, ఒక్కొక్కదానిని కాగితంలో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా చల్లని చీకటి గదిలో పేర్చాలి. కుళ్ళినదానిని వెంటనే తీసివేయాలి. ఇలా శరదృతువులో కోసిన పండ్లు శీతకాలమంతా నిలుస్తాయి.

సౌత్‌వెల్‌లోని తల్లిచెట్టు 1900లో గాలివానకు ఒరిగినా తిరిగి వేళ్ళూనింది. ఇప్పుడు దానికి తేనె శిలీంధ్రం సోకింది, చికిత్స లేదు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కణజాల వర్ధనం ద్వారా దాని ప్రతిరూపాలను ముందే సిద్ధం చేశారు.