కుక్కపిల్లకు నోరే చెయ్యి



“పక్క ఫ్లాట్ పప్పీ నా వేలు నోట్లో పెట్టుకుంది, కానీ నొప్పి పెట్టలేదు.” “మా టామీ నాన్న చెప్పులు కొరికేసింది.” కుక్క ఉన్న ఇంట్లోనో, కుక్కను పెంచుకునే స్నేహితులున్న పిల్లల దగ్గరో ఈ మాటలు మీరు వినే ఉంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, “అది ఎందుకలా కొరుకుతుంది? కోపమా, ఆకలా, ఆటా?” దీనికి సరైన జవాబు తెలిస్తే పిల్లల కుతూహలం తీరుతుంది. వాళ్ల భద్రతకూ అది చాలా అవసరం.

చేతులు లేని చోట నోరు

కొత్త వస్తువు కనిపిస్తే మనం చేతిలోకి తీసుకుంటాం. బరువు చూస్తాం, నొక్కి చూస్తాం, తిప్పి చూస్తాం. తోడేలుకు, కుక్కకు ముంగాళ్లు పరుగు కోసం ఏర్పడినవి. వాటితో ఒక వస్తువును తొక్కిపట్టగలవు, నేలను తవ్వగలవు. అంతేగానీ మనలా పట్టుకుని తిప్పి చూడలేవు. ఆ పనంతా నోటిదే.

అందుకు తగిన ఏర్పాటూ ఆ మూతిలో ఉంది. మూతి చుట్టూ ఉండే మీసాల మొదళ్లలో నరాల కొసలు దట్టంగా ఉంటాయి. ఏది తగిలినా వెంటనే తెలుస్తుంది. పై ముందు పళ్ల వెనక, అంగిలిలో ఒక చిన్న మార్గం ఉంటుంది. అది ముక్కు అడుగున ఉన్న జాకబ్సన్ అవయవానికి దారి తీస్తుంది. అంటే కుక్క ఒక వస్తువును నాకినప్పుడు రుచితో పాటు కొన్ని రకాల వాసనల సమాచారం కూడా అందుతుంది. మెత్తనా గట్టా, ప్రాణం ఉన్నదా లేనిదా, తినేదా కాదా అన్నవి పళ్ల మధ్య పెట్టుకుని తేల్చుకుంటుంది.

మన ఇళ్లలో ఏడాదిలోపు పాపాయి గిలక్కాయ దగ్గర నుంచి రిమోట్ దాకా అన్నీ నోట్లో పెట్టుకోవడం మీకు తెలిసిందే. పెదవులకు, నాలుకకు స్పర్శ ఎక్కువ. చేతివేళ్లు పనితనం నేర్చుకునే కొద్దీ పాపాయి నోటి పని తగ్గుతుంది. కుక్కకు మాత్రం ఆ పని జీవితాంతం నోటిదే.

తోడేలు పిల్ల, కుక్కపిల్ల

తోడేలు, కుక్క దగ్గరి చుట్టాలు. రెండింటికీ పెద్దయ్యాక 42 పళ్లు. అయినా లోకాన్ని పరిచయం చేసుకునే తీరులో తేడా ఉంది. అమెరికాలో కేథరిన్ లార్డ్ అనే శాస్త్రవేత్త 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రెండింటికీ వాసన సుమారు రెండు వారాలకు, వినికిడి నాలుగు వారాలకు, చూపు ఆరు వారాలకు అందుబాటులోకి వస్తాయి. కానీ తోడేలు పిల్ల రెండో వారంలోనే, ఇంకా సరిగా చూడలేని, వినలేని స్థితిలోనే, ముక్కును నమ్ముకుని తిరగడం మొదలుపెడుతుంది. కుక్కపిల్ల నాలుగో వారం దాకా ఆగుతుంది.

హంగరీలోని బుడాపెస్ట్ పరిశోధకులు 2003లో మరో తేడా చూపించారు. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లకు, కుక్కలకు తాడు లాగి మాంసం అందుకోవడం నేర్పారు. తర్వాత ఆ తాడును కదలకుండా కట్టేశారు. తోడేళ్లు లాగుతూనే ఉన్నాయి. కుక్కలు కాసేపటికే ఆగి, వెనక్కి తిరిగి మనిషి ముఖంలోకి చూశాయి. నోటితో కానిది మనిషిని అడిగి సాధించవచ్చని కుక్కకు తెలుసు.

ముఖం నాకడం వెనక కూడా తోడేలు కథే ఉంది. వేట నుంచి తిరిగొచ్చిన పెద్ద తోడేళ్ల మూతులను పిల్లలు నాకుతాయి. అప్పుడవి కడుపులోని మాంసాన్ని కక్కి పెడతాయి. మీరు ఆఫీసు నుంచి రాగానే మీ కుక్క ముఖం మీదకు ఎగబడడం ఆ పాత అలవాటు నుంచి మిగిలిన పలకరింపే.

ఎంత గట్టిగా కొరకకూడదో నేర్పే తరగతి

కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి, సూదుల్లా పదునుగా. తోబుట్టువులతో ఆడేటప్పుడు ఒకటి గట్టిగా కొరికితే రెండోది కీచుమని అరిచి ఆట మానేస్తుంది. తల్లి కూడా సహించదు. “గట్టిగా కొరికితే ఆట పోతుంది” అన్న పాఠం అలా ఒంటబడుతుంది. కుక్కపిల్లను కనీసం ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి వేరు చేయవద్దని చెప్పడానికి ఇదొక కారణం. తర్వాత సుమారు ఆరేడు నెలల వయసు వరకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు సలపడంతో ఏది దొరికితే అది నములుతుంది. మీ చెప్పుల మీద దానికేమీ పగ లేదు!

మీ చిన్నారికి ఇవి చెప్పండి

• చేతివేళ్లను ఆటబొమ్మలుగా ఇవ్వవద్దు. నమలడానికి దాని బొమ్మ దానికి ఉండాలి.
• పప్పీ పళ్లు తగిలితే పరుగెత్తవద్దు, కేకలు వేయవద్దు. చేయి తీసేసి, కదలకుండా నిలబడి ఆట ఆపేయాలి.
• తింటున్న, నిద్రపోతున్న, పిల్లలతో ఉన్న కుక్క దగ్గరికి వెళ్లకూడదు.
• బిగుసుకున్న ఒళ్లు, గుర్రుమనడం, పైకి లేచిన పెదవి కనిపిస్తే అది ఆట కాదు. మెల్లగా దూరంగా జరగాలి.
• వీధి కుక్కను, దాని పిల్లలను ముట్టుకోకూడదు.

చిన్న పిల్లలను, కుక్కను పెద్దలెవరూ లేకుండా ఒకే గదిలో వదలకండి. అది ఎంత మంచి కుక్కైనా సరే.

గాటు పడితే

కుక్క ఆటగా కొరికిందా, కోపంగా కొరికిందా అన్నది రేబిస్ వైరస్‌కు సంబంధం లేదు. చిన్న పప్పీ కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు. చర్మం గీరుకుపోయినా, పుండు మీద కుక్క నాకినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, నూనె పెట్టకూడదు. అదే రోజు డాక్టరును కలిసి, చెప్పిన టీకాలన్నీ పూర్తి చేయించాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. సకాలంలో టీకా వేయిస్తే దాన్ని నివారించవచ్చు.

రేబిస్ ఉందని అనుమానించిన జంతువులు కరిచినవారిలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలామంది పిల్లలు తిడతారనో, ఇంజెక్షన్ భయంతోనో చిన్న గాట్లను దాచేస్తారు. కాబట్టి ఈ రోజే మీ చిన్నారికి ఒక మాట ఇవ్వండి: “కుక్క పళ్లు తగిలితే వెంటనే చెప్పు, నేను కోప్పడను.” ఆ మాట తప్పకుండా నిలబెట్టుకోండి.

ఇంట్లో చేయించండి: బాల్కనీ నుంచి పది నిమిషాలు ఒక కుక్కను గమనించమనండి. కొత్త వస్తువు ఎదురైతే అది ముక్కు, నాలుక, పళ్లు, కాలు వీటిలో దేన్ని ముందు వాడింది? వరుసగా రాయించి, సైన్స్ టీచరుకు చూపించమనండి.